చుట్టలో మిగిలిన వైరు కూడా లెక్కే

ప్రశ్న: సార్, మాది బంగారుపాళెం దగ్గర మామిడి తోట. ఇంటికాడ బాగా తిరిగిన ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు, 60 మీటర్ల అవతల తొట్టి దగ్గరికి మార్చినాక గుంయ్‌మంటా ఉంది గానీ తిరగడంలే. 1.5 స్క్వేర్ ఎంఎం టూ కోర్ రాగి వైరు 100 మీటర్ల చుట్ట తెచ్చినాం, మిగిలింది కోయకుండా షెడ్డులో చుట్టి పెట్టినాం. మోటరు కాడ మీటరు పెడితే 225 వోల్టులు చూపిస్తా ఉంది. పొడుగు వైరులో కరెంటు దారిలో లీకైపోతుందా?
— ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: లీకేం కాదండీ, ఈ కొస నుంచి ఎంత కరెంటు పోతే ఆ కొసకీ అంతే వస్తుంది, తగ్గేది వోల్టేజీ. రాగిలో ఎలక్ట్రాన్లు కదులుతున్నప్పుడు అదురుతూ ఉండే పరమాణువులకి తగులుకుంటా పోతాయి, వైరు రెండింతలైతే ఈ తగులుకోవడం రెండింతలు, రెసిస్టెన్సూ, అంటే కరెంటుకి అడ్డు, రెండింతలే. మీరు దూరం 60 అనుకుంటున్నారు గానీ కరెంటుకి అడ్డదారి లేదు కదా, చుట్టలో ఉండే 40 మీటర్లు కూడా తిరిగే రావాల, పైగా పోను ఒక తీగ రాను ఒక తీగ, అంటే మొత్తం 200 మీటర్లు. ఈ సైజు రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 12 ఓములు, కాబట్టి మీది దాదాపు 2.4. ఆంపియర్లని ఓములతో గుణిస్తే పోయే వోల్టులు వస్తాయి, నడిచేటప్పుడు 7 ఆంపియర్లు అనుకుంటే పోయేది 17 వోల్టులే, అది పెద్ద కథ కాదు. స్టార్టింగులో మాత్రం మోటరు ఐదారు రెట్లు లాగుతుంది, 35 ఆంపియర్లకి లెక్కేసినా 84 వోల్టులు వైరే తినేస్తుంది, ఇంక మోటరుకి మిగిలేది ఏముంది? మీటరు 225 చూపించింది మోటరు ఆఫ్‌లో ఉన్నప్పుడు అయ్యుంటుంది, కరెంటు పారకపోతే వోల్టేజీ తగ్గడమే ఉండదు. స్విచ్ వేసిన క్షణంలో చూడండి, గుంయ్‌మంటే వెంటనే ఆపేయండి, లేదంటే వైండింగ్ కాలిపోతుంది.

ముందు ఆ చుట్ట కోయించండి, మోటరు నడిస్తే అది ఊరికే 47 వాట్ల దాకా వేడెక్కుతా ఉంటుంది, గాలాడని చోట అది మంచిది కాదు. కోసినాక కూడా స్టార్టింగులో 50 వోల్టులు పోతాయి, అందుకే వీలైతే 4 స్క్వేర్ ఎంఎం వేసుకోండి, ఆ నష్టం 20 లోపలికి దిగుతుంది. అప్పటికీ తిరగకపోతే, మోటరు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే కెపాసిటర్ చూపించండి, ముందే దాన్ని మార్చి డబ్బులు తగలేయొద్దు.