ఎంజీబీ కారు వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బాగుచేయించాలా, మార్చాలా?

మీ ఎంజీబీ, అదే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, వెనక ఒక పక్క కుంగింది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కిర్రుమంటోంది అన్నారు. ఆ రెండూ వేర్వేరు జబ్బులు. కిర్రుమనడానికి పట్టీల మధ్య తుప్పు గానీ, కట్ట చివర్లలో అరిగిన రబ్బరు బుష్‌లు గానీ కారణం. అది ఇంట్లోనే పోతుంది. కుంగిందంటే మాత్రం పట్టీల వంపు పోయినట్టే.

ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, పట్టీల కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు విప్పండి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తీసే ముందు కట్టను క్లాంపుతో బిగించాలి, లేదంటే పట్టీలు ఎగిరి తగులుతాయి. ఒక్కోటీ వైర్ బ్రష్‌తో తోమి, బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్లు చూడండి. పగిలిన పట్టీకి వెల్డింగ్ వద్దే వద్దు, మార్చాల్సిందే.

ఆటోనగర్‌లో లారీ కమాన్లు చేసేవాళ్లు వంపు మళ్లీ ఎక్కిస్తారు. గ్యాస్ మంటతో అక్కడక్కడా కాల్చి వంచుతామంటే ఒప్పుకోకండి. టెంపర్ (ఉక్కుకు ఉండే స్ప్రింగు గుణం) పోయి కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. కొలిమిలో పట్టీ మొత్తం కాల్చి, నూనెలో ముంచి, టెంపర్ చేయాలి. రెండు పక్కలా ఒకేసారి చేయించండి.

గ్రాఫైట్ గ్రీజు పట్టీల మధ్యే రాయండి. రబ్బరుకు అంటితే ఉబ్బిపోతుంది, దానికి సబ్బునీళ్లు చాలు. సెంటర్ బోల్టు కొత్తది వేయండి. బుష్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే బుష్ మెలితిరిగి చిరుగుతుంది.