నెత్తిమీది గాయానికి తొడ చర్మం అతికించాలా, డ్రెస్సింగులతోనే మాననివ్వాలా?

ప్రశ్న: మా బాపుకు 64 ఏండ్లు. వ్యవసాయం చేస్తడు. నడినెత్తిన ఏడాదిగా మానని పుండు ఉంటే ముక్క పరీక్ష చేసి బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అన్నరు. మూడు వారాల కింద ఆపరేషన్ చేసి తీసేసిన్రు. కుట్లు పడలేదు, 4 సెంటీమీటర్ల గాయం అట్లనే ఉంది. ఒక డాక్టర్ తొడ చర్మం తీసి అతికిద్దాం అంటున్నరు. ఇంకొకరు డ్రెస్సింగులతోనే మానుతది అంటున్నరు. బాపుకు బట్టతల. షుగర్ ఉంది, బీడీలు తాగుతడు. ఏది మంచిది?
– ఓ పాఠకురాలు, పరకాల

జవాబు: డ్రెస్సింగ్ విప్పినప్పుడు గాయం అడుగు ఎట్లా కనిపిస్తోందో ముందు చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పుర్రె ఎముకను అంటిపెట్టుకుని పెరిక్రేనియం అనే పల్చటి పొర ఉంటుంది. ఎముక మీదికి రక్తాన్ని తెచ్చేది అదే. ఆ పొర మిగిలి ఉంటే చర్మం అతికించినా పట్టుకుంటుంది, అతికించకపోయినా దాని మీద ఎర్రటి కొత్త కండ పెరుగుతుంది. అది కూడా పోయి తెల్లగా, పొడిగా ఎముక తేలితే మాత్రం తొడ చర్మం నిలవదు. బండ మీద నారు నాటినట్టే. అలాంటప్పుడు ఎముక పై పెంకును కొద్దిగా చెక్కి, లోపలి నుంచి కండ వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే అతికిస్తారు. లేదంటే పక్కనున్న చర్మాన్ని రక్తనాళాలతో సహా జరిపి కప్పే ఫ్లాప్ ఆపరేషన్ చేస్తారు. మూడు వారాలు దాటింది కాబట్టి మీ బాపు గాయం అడుగు ఈపాటికి ఎర్రగా, గింజలు గింజలుగా ఉండాలి.

మిగతా సగం తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. చుట్టూ అంచుల్లోనే కాదు, అడుగు అంచులో కూడా క్యాన్సర్ కణాలు లేవని అందులో స్పష్టంగా రాసి ఉండాలి. అడుగు అంచు మాట లేకపోతే అడిగి రాయించుకోండి. కణాలు మిగిలి ఉన్నాయంటే ఏది అతికించినా మళ్లీ తీయాల్సిందే. పైగా అతికిన చర్మం కింద అది పెరుగుతున్నా కొన్ని నెలలు బయటపడకపోవచ్చు. రేడియేషన్ ఇవ్వాలని క్యాన్సర్ డాక్టర్ చెబితే లెక్క వేరు. దానికి ముందే గాయం మూసుకోవాలి కనుక గ్రాఫ్టే, అంటే చర్మం అతికించడమే మేలు.

అడుగు ఎర్రగా ఉండి, అంచులు శుభ్రంగా ఉంటే మీ బాపు విషయంలో నేను డ్రెస్సింగుల వైపే మొగ్గుతాను. షుగర్, బీడీ రెండూ గ్రాఫ్ట్‌కు శత్రువులే. తొడ మీద ఇంకో పుండు కూడా తయారవుతుంది. ఇక వెంట్రుకలంటారా, గ్రాఫ్ట్ మీదా మొలవవు, మానిన మచ్చ మీదా మొలవవు. బట్టతల మీద దానంతటదే మానిన మచ్చ పాలిపోయి, చదునుగా, చుట్టూ ఉన్న చర్మంలో చాలావరకు కలిసిపోతుంది. గ్రాఫ్ట్ అయితే గుంటపడి అతుకు వేసినట్టు కనిపిస్తుంది. కాకపోతే ఓపిక కావాలి. ఇంత గాయం పూర్తిగా మూసుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, షుగర్ అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ.

డ్రెస్సింగ్ రోజుకొకసారి చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని, పాత గాజ్ (కట్టు కట్టే పల్చటి జాలీ) గుడ్డను సెలైన్‌తోగానీ కాచి చల్లార్చిన నీళ్లతోగానీ తడిపి పది నిమిషాలు నాననివ్వండి. ఎండినదాన్ని లాగితే అంచు నుంచి పాకుతున్న కొత్త చర్మం కూడా దాంతోపాటే ఊడి వస్తుంది. గాయం నెలల తరబడి ‘మానకపోవడానికి’ చాలా ఇళ్లలో కారణం ఇదే. తర్వాత ఘాటు లేని సబ్బు నురగతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, తెల్లటి పెట్రోలియం జెల్లీ మందంగా పూయండి. దానిపై మందుల షాపులో దొరికే, పారఫిన్ పూసిన గాజ్ గుడ్డ, ఆపైన రెండు మడతల పొడి గాజ్ గుడ్డ, చివర క్రేప్ బ్యాండేజీ లేదా నెట్ క్యాప్. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు లోపల ఇరుక్కుంటాయి.

‘పుండు ఎండితేనే మానుతది’ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నిజానికి కొత్త చర్మం తడి మీద పాకుతుంది. ఎండి పక్కు కడితే దాని కిందుగా దారి వెతుక్కోవాల్సి వస్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. పసుపు, ఆకు పసరు, యాంటీబయాటిక్ పొడి చల్లడం, రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం, ఇవన్నీ మానేయండి. గాయం మీద పల్చగా పసుపుపచ్చటి పొర కనిపిస్తే అది చీము అనుకుని కంగారుపడొద్దు, చాలాసార్లు అది ఫైబ్రిన్, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రొటీన్ పొర. రుద్ది తీయనక్కర్లేదు. ఎర్ర కండ చుట్టూ ఉన్న చర్మం కన్నా ఎత్తు పెరిగితే మాత్రం అంచు దాన్ని ఎక్కలేక ఆగిపోతుంది. డాక్టర్ సిల్వర్ నైట్రేట్ పుల్లతో అద్ది దాన్ని అణచాలి. ఇంకొకటి, ఈగలు. కొట్టం దగ్గర, చేను దగ్గర తల మీద తెరిచిన గాయంతో కూర్చుంటే పురుగులు పడతాయి. కట్టు లేకుండా గడప దాటనివ్వకండి.

ప్రతి ఆదివారం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. వరుసగా మూడు వారాలు సైజు తగ్గకపోతే, లేదా రోజూ కట్టు మార్చే మనిషి ఇంట్లో లేకపోతే, అప్పుడు గ్రాఫ్ట్ ఆలోచించాలి. ఈలోగా పెరిగిన కండ వృథా పోదు, గ్రాఫ్ట్‌కు అదే మంచి నేల.

గ్రాఫ్ట్ ఎందుకు ఫెయిలవుతుందో కూడా తెలిసి ఉండాలి. తొడ నుంచి తీసే పొర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటి రెండు రోజులు అది కింద ఊరే ద్రవంతోనే బతుకుతుంది. మూడో రోజు ప్రాంతంలో కింది రక్తనాళాలతో కలవడం మొదలై, ఐదారు రోజులకు రక్తం సరిగా పారుతుంది. ఈలోగా అడుగున రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా, పొర కాస్త జరిగినా, చీము పట్టినా అంతే. అందుకే పైన దూది ఉండను కుట్లతో బిగించి 5 నుంచి 7 రోజులు కదిలించరు. ‘ఒక్కసారి విప్పి చూడండి’ అని మీరు ఒత్తిడి చేయొద్దు. తొడ గాయం మానడానికి రెండు వారాలదాకా పడుతుంది. చాలామందికి తల కన్నా అదే ఎక్కువ మంట.

ఏ దారి ఎంచుకున్నా బీడీ ఇవాళే ఆపాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు, తర్వాత మరో 4 వారాలు ముట్టకూడదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే) పరీక్ష చేయించి, 8 శాతం దాటి ఉంటే షుగర్ మందులు మార్పించండి. పత్యం పేరుతో గుడ్డు, పప్పు, మాంసం ఆపేస్తే కండ దేంతో పెరుగుతుంది? కిడ్నీ జబ్బు లేకపోతే 60 కిలోల మనిషికి రోజుకు 75 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు.

నొప్పి రోజురోజుకూ పెరగడం, జ్వరం, దుర్వాసన, చుట్టూ ఎర్రగా వాయడం, ఎముక తేలడం, పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమినా ఆగని రక్తం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు సర్జన్‌కు చూపించండి, లేదా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్లండి. గ్రాఫ్ట్ ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

మానాక కూడా ఆ చోటు పల్చటిదే, కింద వెంటనే ఎముక. గడ్డిమోపు, బస్తా నెత్తికెత్తుకోవడం ఇక వద్దు. ఎండలోకి వెళితే రుమాలు చుట్టుకోమనండి. ఆరు నెలలకోసారి సర్జన్‌కు చూపించండి. మచ్చ మీదగానీ అంచునగానీ కొత్త పొక్కు లేచి నాలుగు వారాల్లో మానకపోతే ఆయింట్‌మెంట్లు మారుస్తూ కూర్చోకుండా మళ్లీ ముక్క పరీక్ష చేయించండి.