బొడ్డుతాడు రక్తం దాచాలా? మోకాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయించాలా?

మీరు అడిగినవి రెండు. మీ భార్యకు ఎనిమిదో నెల, బొడ్డుతాడు రక్తం దాచిపెట్టమని ఏజెంటు వెంటపడుతున్నాడు, డబ్బు కట్టాలా అన్నది ఒకటి. నాన్నగారి మోకాళ్లకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయించవచ్చా అన్నది రెండోది. నేను డాక్టర్ని కాను. మా చెల్లెలికి మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఇచ్చినవాణ్ణి, అంతే.

మా చెల్లెలు నెల్లూరులో ఉంటుంది. ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేలాక చెన్నైలో మా ఇంట్లోనే ఉంచుకుని చూపించాం. కీమో అయ్యాక మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ చేయాలన్నారు. దానికి హెచ్‌ఎల్‌ఏ, అంటే ఏది సొంత కణమో ఏది పరాయిదో ఒంటికి తెలిపే గుర్తులు, కలవాలి. తోడబుట్టినవాళ్లయినా ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతే. అన్నయ్యది కలవలేదు, నాది కలిసింది. బ్లడ్ గ్రూపు మాత్రం వేరు, తనది బి, నాది ఓ. అది అడ్డు కాదన్నారు.

మా అమ్మకు ఇదంతా అర్థమయ్యేలా చెప్పింది అక్కడి డాక్టరమ్మ. పెరుగంతా తినేయకుండా రేపటికి తోడు మిగుల్చుకుంటాం కదా, మూలకణం కూడా అంతేనంది. విభజన అయినప్పుడు కొన్ని మళ్లీ మూలకణాలుగానే ఉండిపోతాయి, మిగతావి ఎర్ర కణాలుగానో, తెల్ల కణాలుగానో, ప్లేట్‌లెట్లుగానో మారతాయి. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పోయినవాటి బదులు మన మూలుగ రోజుకు దాదాపు 20,000 కోట్ల ఎర్ర కణాలు తయారుచేస్తుంది. మటన్ ఎముకలో పీల్చుకు తినే ఆ మూలుగే. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అనే శాస్త్రవేత్తలు రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కిస్తే వాటి ప్లీహంలో బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె ఒక్కో కణం నుంచే పుట్టిందని తర్వాత తేలింది. తోడులాంటి మూలకణం ఉందని అలా తెలిసింది.

నాకు కొన్ని రోజులపాటు పొట్ట మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. మూలుగలో ఉండాల్సిన మూలకణాలు రక్తంలోకి దిగడానికట. నడుము, తొడ ఎముకలు చికున్‌గున్యా వచ్చినట్టు సలిపాయి. పారాసెటమాల్‌తో గడిపాను. తర్వాత ఐదు గంటలు మిషన్ పక్కన పడుకున్నాను. ఒక చేతి నుంచి రక్తం తీసి, మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తుంది. మధ్యలో పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. కాల్షియం తగ్గిందని మందిచ్చారు. మత్తూ లేదు, కోతా లేదు.

అప్పటికే పెద్ద డోసు కీమోతో చెల్లెలి మూలుగ ఖాళీ చేసేశారు. నా సంచి టమాటా రసం రంగులో ఉంది. మామూలు రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. "ఇంతేనా? ఆపరేషన్ ఎప్పుడు?" అంది అమ్మ. ఆ కణాలే దారి వెతుక్కుని మూలుగలోకి చేరతాయి. పదహారో రోజున తెల్ల కణాల కౌంట్ లేచింది. కష్టం ఆ తర్వాతే మొదలైంది. నా కణాలు ఆమె ఒంటినే పరాయిదనుకుని దాడి చేశాయి. ఒళ్లంతా దద్దుర్లు, విరేచనాలు, ఏడాది దాకా మందులు. ఆ టెన్షన్ ఏ ప్రకటనలోనూ రాయరు. ఇప్పుడు బాగుంది, గ్రూపు కూడా ఓ అయింది. రాఖీకి నేనేమిచ్చినా "రక్తం ఇచ్చేశావు, ఇంకేం ఇస్తావులే" అంటుంది.

ఇక మీ బొడ్డుతాడు సంగతి. అందులో మూలకణాలున్న మాట నిజం. 1988లో పారిస్‌లో మొదటిసారి ఆ రక్తంతో ఒక పిల్లవాడికి వైద్యం చేశారు. కానీ అది అతని సొంతది కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది. ఏజెంటు ఈ ముక్క చెప్పడు. బిడ్డకు తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉంటే ఆ బిడ్డ బొడ్డుతాడు కణాల్లోనూ అదే లోపం ఉంటుంది. పైగా ఒక సంచిలో వచ్చేది చాలావరకు చిన్నపిల్లలకే సరిపోతుంది, పెద్దవాళ్ల బరువుకు చాలదు. మీకు ఇప్పటికే ఇలాంటి రక్తవ్యాధి ఉన్న పెద్ద బిడ్డ ఉంటే దాచడంలో అర్థముంది. లేకపోతే, నా లెక్కలో, ఆ డబ్బు కాన్పుకు ఉంచుకోండి.

ఇక నాన్నగారి మోకాళ్ల సంగతి. చర్మ కణాన్ని వెనక్కి మళ్లించి మూలకణంలా మార్చవచ్చని జపాన్‌లో యమనక అనే శాస్త్రవేత్త 2006లో ఎలుకల్లో, మరుసటి ఏడాది మనిషి కణాల్లో చూపించాడు. 2012లో నోబెల్ వచ్చింది. అది గొప్ప సైన్సే. క్లినిక్‌లో గోడ మీద ఆయన ఫొటో ఉన్నంత మాత్రాన మోకాలికి మందు దొరికినట్టు కాదు.

మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదించిన జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలన్నీ ఇంకా ప్రయోగ దశలోవే. ట్రయల్‌గా మాత్రమే చేయాలి, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అయితే, మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐలో దానికి నంబరు ఉంటుంది. నాన్నగారిని తీసుకెళ్లే ముందు ఆ నంబరు అడగండి. మా మావయ్య ఒక క్లినిక్‌లో లక్షన్నర కట్టబోయే ముందు అడిగాడు. రిసెప్షన్ అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చి, "సార్ లంచ్‌లో ఉన్నారు" అంది. అప్పుడు టైమ్ ఉదయం పదిన్నర.