యాభై రెట్లు వేగం... తర్వాత తప్పని తేలింది

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. స్నేహితులంతా ఏఐ కోర్సుల్లో చేరారు. వీడేమో రెండు నెలలుగా సి భాషలో సంఖ్యలను అక్షరాలుగా (అంటే 123 అనే విలువను ‘1’, ‘2’, ‘3’ అనే గుర్తులుగా) మార్చే కోడ్ రాస్తూ, దాని వేగం కొలుస్తూ కూర్చున్నాడు. లైబ్రరీ ఫంక్షన్ కంటే యాభై రెట్లు వేగమన్నాడు. వారం తిరక్కుండానే ఆ లెక్క తప్పన్నాడు. ఏఐ కోర్సు మేలా, ఈ పని మేలా? పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: మీకు బెంగ పుట్టించిన ఆ ‘తప్పు’ అన్న మాటే నాకు ధైర్యమిచ్చింది. దాన్ని పట్టుకున్నది మీ అబ్బాయే కదా!

ఈ పనిలో కొలత చాలా సులువుగా మోసం చేస్తుంది. మార్చిన ఫలితాన్ని ఎక్కడా వాడకపోతే కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) ఆ పనినే తీసేయవచ్చు. అప్పుడు గడియారం కొలిచేది ఖాళీ లూపునే. అది సరిదిద్దినా ఇంకో చిక్కుంది. రుణ గుర్తు లేని 32 బిట్ల సంఖ్యలను (దాదాపు 430 కోట్ల వరకు ఉండేవి) యాదృచ్ఛికంగా తీసుకుంటే నూటికి దాదాపు 98 తొమ్మిది లేదా పది అంకెలవే వస్తాయి. చిన్న సంఖ్యలు ఎక్కువగా వచ్చే ప్రోగ్రాముకు ఆ కొలత పనికిరాదు. పోనీ ఒకే సంఖ్యను లక్షసార్లు మారిస్తే, కోడ్ ఏ దారిన వెళ్తుందో ప్రాసెసర్ ముందే పసిగట్టి, వేగం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రాసెసర్ పనిచేసే వేగం (క్లాక్ స్పీడ్) కూడా మధ్యలో మారుతుంటుంది. పైగా సి లైబ్రరీలో ఈ పని చేసే ఎస్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్, ఫలితం ఎలా ఉండాలో చెప్పే ఫార్మాట్‌ను కూడా చదవాలి కాబట్టి, దానితో పోటీయే సమానం కాదు. ఇన్ని తెలుసుకుంటున్న పిల్లవాడిని ‘కూర్చున్నాడు’ అంటారా? అలా అనకండి, దయచేసి.

హడావిడి ఏఐ కోర్సులపై నాకు అనుమానాలున్నాయి. సర్టిఫికెట్‌తో వచ్చిన పిల్లలు తమ మోడల్ 95 శాతం సరిగ్గా చెబుతుందంటారు. దేని మీద కొలిచారని అడిగితే చాలామంది తడబడతారు. నేర్పిన డేటా మీదే పరీక్ష పెట్టామని కొందరు ఒప్పుకున్నారు కూడా. అది తప్పని వారికి ఎవరూ చెప్పలేదు. మీ అబ్బాయికి ఆ చూపు అప్పుడే వచ్చింది. రేపు ఏఐ వైపు వెళ్లినా అది అక్కరకొస్తుంది.

డేటాబేస్‌లు, లాగ్ ఫైళ్లు, జేసన్ (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే ఒక రాత పద్ధతి) రాసే ప్రోగ్రాములు అన్నింటికీ ఈ మార్పిడి కావాలి. దశాంశ సంఖ్యల కోసం 2010లో గ్రిసు, 2018లో ర్యూ పద్ధతులు వచ్చాయి. అంటే ఇది పాతబడి మూలనపడ్డ విషయం కాదు.

కోర్సు సంగతి అతనికే వదిలేయండి. మీరు మాత్రం ఈ రాత్రి “ఏ సంఖ్యల మీద కొలిచావు నాన్నా?” అని అడిగి పూర్తిగా వినండి. ఒకటి, అయిదు, పది అంకెలకు విడివిడిగా, చాలాసార్లు కొలిచి, మధ్యస్థ విలువలను కంపైలర్, ప్రాసెసర్ వివరాలతో నివేదికగా రాయమనండి. యాభై రెట్లు ఎలా వచ్చిందో, ఎలా పట్టుకున్నాడో మొదటి పేజీలోనే ఉండాలి.