జపాన్ వాళ్ల యానిమేషన్ రామాయణం పాత డిస్కుల్లో ఏది ఏ వెర్షనో ఎలా గుర్తుపట్టాలి?

అడిగినవారి సందేహం ఇదీ: ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ పాత డిస్కులు ఒకతను మూడు రకాలు అమ్మకానికి పెట్టాడు. మూడు కవర్ల మీదా అదే రాముడు, అదే విల్లు. ఒకదాని మీద ‘ఒరిజినల్’ అనీ, ఇంకోదాని మీద ‘ఫుల్ మూవీ’ అనీ ఉంది, మూడోదాని మీద ఏమీ లేదు. ఏది అసలుది, ఏది కొనాలి?

ముందు ఆ కవర్ల సంగతి మర్చిపోండి. మా బావ కర్నూలు వన్ టౌన్‌లో సీడీల షాపు నడిపేవాడు. కాలేజీ అయ్యాక నా సాయంత్రాలన్నీ ఆ కౌంటర్ వెనకే గడిచాయి. ‘ఒరిజినల్’ అని అచ్చేసిన బంగారు రంగు స్టిక్కర్లు మాకు రోల్ లెక్కన వచ్చేవి. దేని మీద అతికించాలన్నది మా ఇష్టం. అందుకే ఇప్పుడు ఎవరైనా ఆ స్టిక్కర్ చూపించి ‘రేర్ పీస్ సార్’ అంటే నాకు నవ్వొస్తుంది.

నన్నడిగితే ఈ సినిమాను కళ్లతో కాదు, చెవులతో గుర్తుపట్టాలి. బొమ్మలు అన్నిట్లోనూ అవే. దర్శకులు యుగో సాకో, కోయిచి ససాకి, మన రామ్ మోహన్ కలిసి చేయించిన బొమ్మలు. వేరయ్యేదల్లా గొంతులు. మాటలు ఇంగ్లీషులో, పాటలు సంస్కృతంలో ఉంటే అది మొదట తయారైన వెర్షన్, నిడివి 135 నిమిషాలు. రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతు ఉండి, కథ చెప్పేది శత్రుఘ్న సిన్హా అయితే అది హిందీ డబ్బింగ్. అందులో పాటలు కూడా హిందీలోనే ఉంటాయి. చిన్నప్పుడు టీవీలో చూశామని మనవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకునేది దీనికే. మూడోది అమెరికా వాళ్లది. అక్కడ ‘ప్రిన్స్ ఆఫ్ లైట్’ అని పేరు మార్చి, దాదాపు 40 నిమిషాలు కోసేసి, గంటన్నరకు కాస్త ఎక్కువగా మిగిల్చారు. అందులో కథ చెప్పేది జేమ్స్ ఎర్ల్ జోన్స్, అంటే ‘లయన్ కింగ్’లో ముఫాసా గొంతు. రాముడికి గొంతు ఇచ్చింది బ్రయాన్ క్రాన్‌స్టన్. అవును, ఆ ‘బ్రేకింగ్ బ్యాడ్’ మాస్టారే.

ఇదంతా ఇంటర్నెట్‌లో చదివి చెప్తున్నాననుకోకండి. నాకు నేర్పింది 2009 వరద.

అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ రోజు. కర్నూలు వాళ్లకు ఆ తేదీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక బావ షాపు షట్టర్ ఎత్తితే లోపల మోకాలి లోతు బురద. గోడకు కొట్టిన చెక్క అరలన్నీ కూలి ఉన్నాయి. కవర్లు తడిసి ముద్దయిపోయి, చిరంజీవి ఎవరో బాలకృష్ణ ఎవరో తెలియకుండా ఒకరి మీద ఒకరు అంటుకుపోయారు. డిస్కులు మాత్రం బురదలో మెరుస్తున్నాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన సరుకంతటినీ ‘ప్లాస్టిక్ సామాను’ అని ఒక్క లైనులో రాసుకుని పోయాడు. ఆ లైనుకు వచ్చిన డబ్బు షట్టర్‌కు రంగు వేయించడానికి కూడా చాల్లేదు. సరే, ఆ గొడవ ఇక్కడెందుకు.

బావ అన్నీ చెత్తబండికి ఎత్తేద్దామన్నాడు. నేనే గోనె సంచుల్లో నింపి సి-క్యాంపులో పిన్ని వాళ్లింటికి తెచ్చాను. మిద్దె మీద పెద్ద టబ్బులో సర్ఫ్ కలిపి ఒక్కోటే కడిగి, నులక మంచం సందుల్లో నిలబెట్టి ఆరబెట్టాం. అప్పుడు ఒక విచిత్రం కనిపించింది. వీసీడీలను, అంటే సినిమా ఎక్కించిన సీడీలను, బొమ్మ ఉన్న వైపు వేలితో కాస్త గట్టిగా రుద్దితే వెండిపూత ఊడొచ్చేది. ఆ చిల్లులోంచి అవతల పిన్ని వాళ్ల వేపచెట్టు కనిపించేది. అంతే, ఆ సినిమా పోయినట్టే. డీవీడీలకు అంత దెబ్బ తగల్లేదు. కారణం తర్వాత తెలిసింది. సీడీ, వీసీడీల్లో డేటా ఉండే పొర లేబుల్ కిందే, పల్చటి వార్నిష్ చాటున ఉంటుంది. డీవీడీలో అయితే ఓళిగలో పూర్ణం మాదిరి రెండు ప్లాస్టిక్ పొరల నడుమ దాక్కుంటుంది. మీరు కొనే పాత వీసీడీని కూడా అడుగు వైపు మాత్రమే చూసి సరేననుకోకండి. లేబుల్ వైపు గీతలున్నాయేమో చూడండి, దీపానికి ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూడండి. తుడిస్తే మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ రుద్దకూడదు.

అలా ఆరిన వాటిలో రామాయణాలే చాలా ఉన్నాయి. మా షాపులో బాగా అద్దెకు పోయిన సరుకు అది. వేసవి సెలవుల్లో రోజుకో ఇంటికి వెళ్లేది. పైన బావ అతికించిన నంబరు కాగితాలు నీళ్లలో పోయాయి, మార్కర్‌తో రాసినవి కారిపోయాయి. నేను టార్చి వేసి డిస్కు నడిమి రంధ్రం చుట్టూ ఉండే అద్దంలాంటి వలయంలో సన్న అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కుకు అక్కడ ఒక కోడ్ చెక్కి ఉంటుంది, అడుగు భాగం మామూలుగా తెల్లటి వెండి రంగులో ఉంటుంది. ఇంట్లో రాసుకున్న కాపీ అయితే అడుగున నీలంగానో పచ్చగానో ఊదాగానో ఛాయ తేలుతుంది. మా బావకు ఇదంతా పిచ్చిపనిలా అనిపించింది. ‘ఏమిరా అబ్బీ, అది ఏ రామాయణమైతే నీకేంది, ప్లేయర్‌లో తిరిగితే చాలదా?’ అన్నాడు.

తిరగడం తిరిగాయి. మొదటిది పెడితే పిన్ని టీవీలో బొమ్మ నలుపు తెలుపై, పైకి జారిపోతూ ఉంది. పిన్ని వచ్చి టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసింది. టీవీ తప్పేమీ లేదు. అది అమెరికా టీవీలకు సరిపోయే ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతిలో ఉన్న డిస్కు, పిన్ని పాత టీవీకి మన పాల్ పద్ధతి తప్ప వేరేది రాదు. ఎవరో అక్కడున్న కొడుకు చేత తెప్పించుకున్నది బావ దగ్గరకు చేరినట్టుంది. ఇంకోటి పెడితే రాముడు ఇంగ్లీషులో మాట్లాడాడు. గడప దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్న జేజి ‘రాములవారికి ఇంగ్లీషు ఎప్పుడొచ్చె?’ అని ఒకటే సణుగుడు. ఆపేద్దామనుకునేలోపు సంస్కృతంలో పాట మొదలైంది. జేజి సణుగుడు ఆగింది, కత్తి పక్కన పెట్టి చేతులు జోడించింది. ఆమెకు సంస్కృతం ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషూ రాదు. అయినా ఆ సినిమా చివరిదాకా కూర్చుంది. మూడోది పెట్టగానే మొగాంబో గొంతు, అదే అమ్రీష్ పురి గొంతు, వినిపించింది. దాన్ని కనిపెట్టడానికి టార్చి అక్కర్లేదు.

ఆ రోజు నుంచీ నేను ఇంగ్లీషు మాటలు, సంస్కృతం పాటల వెర్షన్ పక్షమే. హిందీ అభిమానులు కామెంట్లలో తిట్టుకుంటే తిట్టుకోండి. అరుణ్ గోవిల్ మీద నాకు కోపమేమీ లేదు. కానీ టీవీ సీరియల్ రాముడి గొంతును తెచ్చి ఈ బొమ్మకు తగిలిస్తే నాకు ఈ సినిమా రాముడు కాక ఆ సీరియలే గుర్తొస్తుంది.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు నిడివి. ‘నా డిస్కులో 130 నిమిషాలు కూడా లేదు, కోసేశారు’ అని ఏడుపులు చదువుతుంటాను. సినిమా ఫిలిం సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది, పాల్ వీడియో 25. ఉన్న ఫ్రేములనే కాస్త వేగంగా తిప్పేస్తారు కాబట్టి 135 నిమిషాల సినిమా 130కి కొంచెం తక్కువలో అయిపోతుంది, గొంతులు కూడా రవ్వంత సన్నబడతాయి. ఒక్క సీను కూడా పోలేదు. అదే ఎన్‌టీఎస్‌సీ డిస్కులో నిడివి తగ్గితే మాత్రం అనుమానించాల్సిందే. ఇంకో తెలివితక్కువ లెక్క ‘రెండు డిస్కులున్నాయి కాబట్టి ఫుల్ మూవీ’ అనడం. వీసీడీ ఒకదాంట్లో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది. కోసేసిన అమెరికా వెర్షన్‌కైనా రెండు డిస్కులు కావాల్సిందే.

ఎక్కువ ఉన్నదే అసలుదన్న నమ్మకం కూడా వదిలేయండి. ‘లయన్ కింగ్’ 2003 డీవీడీ స్పెషల్ ఎడిషన్‌లో ‘మార్నింగ్ రిపోర్ట్’ అనే పాట ఉంటుంది. 1994లో థియేటర్లో చూసినవాళ్లెవరూ ఆ పాట వినలేదు, తర్వాత స్టేజీ నాటకం నుంచి తెచ్చి అతికించారు. ‘అలాదీన్’ది ఇంకో కథ. 1992లో థియేటర్‌లో పాడిన మొదటి పాటలో చెవి కోస్తారన్న లైను ఉంది. అరబ్బులను అవమానించారని గొడవ జరిగితే 1993 వీడియో క్యాసెట్‌కల్లా ఆ లైను మార్చేశారు. ఆ మార్పు న్యాయమే. కానీ క్యాసెట్ చేతిలో పట్టుకుని ‘నేను చూసిందే మొదటి వెర్షన్’ అని వాదించేవాళ్లతో ఏం మాట్లాడతాం?

యూట్యూబ్‌లో ‘4కె’ అని పెట్టే వీడియోల గురించి ఒక మాట. ఈ సినిమాకు నిజంగానే 4కె రీమాస్టర్, అంటే చాలా ఎక్కువ స్పష్టతతో కొత్తగా తయారుచేసిన కాపీ, ఉంది. అదే 2025 జనవరి 24న హిందీ, తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో థియేటర్లకు వచ్చింది. అప్పుడు హిందీ డబ్బింగ్ కొత్త గొంతులతో మళ్లీ చేశారు, అమ్రీష్ పురి గొంతు అందులో లేదు. అంటే రావణుడు నోరు తెరవగానే పాత హిందీనో కొత్త హిందీనో తేలిపోతుంది. మరి ఆ పాత గొంతులున్న టీవీ రికార్డింగును, మూలన ఛానల్ లోగో కూడా చెరపకుండా, సాగదీసి 4కె అని పెట్టేవాళ్లను ఏమనాలి? వీరుల ముఖాలు మైనం పూసినట్టుంటాయి, జుట్టు గీతలన్నీ కలిసిపోయి ఉంటాయి. కింద మాత్రం ‘క్వాలిటీ సూపర్ బ్రో’ అని వరసగా కామెంట్లు.

మీ అమ్మకందారుడి విషయానికొస్తే, డిస్కు అడుగు భాగం, నడిమి వలయం ఫోటోలు అడగండి. మన దేశంలో విడుదల కోసమే చేసిన డిస్కయితే మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ రావాలి. అందులో భాష, నిడివి రాసి ఉంటాయి, అది కూడా ఫోటో తీసి పంపమనండి. తర్వాత అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు తన గురించి చెప్పుకుంటూ పాడే పాట దగ్గర ఒక్క నిమిషం వీడియో తీయించండి. పాట హిందీలో వస్తే హిందీ డబ్బింగ్ ధర ఇవ్వండి, సంస్కృతంలో వచ్చి, నిడివి కూడా సరిపోతే బేరమాడకుండా తీసుకోండి. వీడియో తీయడానికి ప్లేయర్ లేదని సాకు చెప్తే, ప్లేయర్ లేనివాడు ‘ఒరిజినల్’ అని ఎలా తేల్చాడో అడగండి.