ప్లీహంలో, లింఫ్ గ్రంథుల్లో నరాలకు ఏం పని? టెన్షన్ పడితే ఇమ్యూనిటీ తగ్గుతుందా?

మీరు అడిగినవి రెండు. పరీక్షలు దగ్గరపడగానే జలుబు పట్టుకుంటోంది, మెదడుకీ ఇమ్యూనిటీకీ నిజంగా కనెక్షన్ ఉందా అన్నది ఒకటి. మెదడు నుంచి మెడ గుండా గుండెకూ పొట్టకూ వెళ్లే వేగస్ నరాన్ని ఉత్తేజపరిస్తే ఇమ్యూనిటీ పెరుగుతుందని చెప్పే వీడియోలను నమ్మొచ్చా అన్నది రెండోది. పరిశోధక విద్యార్థిగా కొన్నేళ్లపాటు నా పనే ఎలుకల ప్లీహంలోకి (స్ప్లీన్, పొట్టలో ఎడమవైపు ఉండే అవయవం) నరాలు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో చూడడం. కాబట్టి మొదటిదానికి సూటిగానే చెప్తాను. కనెక్షన్ ఉంది, కంటితో చూడగలిగినంత స్పష్టంగా ఉంది. కానీ అది చేసే పని "పెంచడం", "తగ్గించడం" అనే రెండు మాటల్లో ఇమిడేది కాదు.

రోగనిరోధక కణాలు పుట్టి పెరిగే చోట్లు ఎముక మజ్జ, థైమస్. అవి శత్రువును గుర్తుపట్టి యుద్ధానికి సిద్ధమయ్యే చోట్లు ప్లీహం, లింఫ్ గ్రంథులు. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ల కడుతుంది చూడండి, అది వాచిన లింఫ్ గ్రంథే. ఈ అన్నింటిలోకీ నరాలు వెళ్తాయి. వాటిలో ఎక్కువ భాగం సింపథటిక్ నరాలు, అంటే మనం కంగారు పడినప్పుడు గుండెను దడదడలాడించే వ్యవస్థకు చెందినవే.

ప్లీహంలో వాటిని చూడడం అంత తేలిక కాదు. అది నిండా రక్తం ఉండే అవయవం. ఎర్ర రక్తకణాలు ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ కింద వాటంతట అవే మెరుస్తాయి, మనం వేసిన రంగు ఆ మెరుపులో కలిసిపోతుంది. అందుకే ముందు ఉప్పు ద్రావణం ఎక్కించి రక్తాన్ని కడిగేస్తాం. ముక్కను మరీ పల్చగా కోస్తే నరం అడ్డంగా తెగిపోయి చెల్లాచెదురుగా చుక్కలే కనిపిస్తాయి కాబట్టి కాస్త మందంగా కోస్తాం. ఆ తర్వాత టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమును పట్టుకునే యాంటీబాడీతో రంగు వేస్తాం. సింపథటిక్ నరాలు కబురు పంపడానికి వాడే రసాయనం నోరడ్రినలిన్. దాన్ని తయారుచేసే నరాల్లో ఈ ఎంజైమ్ ఉంటుంది, అందుకని ఆ నరాలే వెలుగుతాయి.

అలా వెలిగిన స్లైడ్ చూస్తే, ఆకుపచ్చ పోగులు ధమనిని అల్లుకుని లోపలికి వస్తుంటాయి. ధమని సన్నబడి, దాని చుట్టూ టి కణాలు అనే రోగనిరోధక కణాలు గుంపు కట్టే చోటికి రాగానే కొన్ని పోగులు ధమనిని వదిలేసి ఆ కణాల మధ్యలోకి దిగుతాయి. పోగు పొడవునా పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న ఉబ్బులు. నోరడ్రినలిన్ నిల్వ ఉండేది వాటిలోనే. ఆ పక్కనే గుండ్రంగా ఉండే బి కణాల (యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే) గుంపుల్లోకి మాత్రం దాదాపు ఏ పోగూ వెళ్లదు. నన్ను ఈ సబ్జెక్ట్‌లోకి లాగింది ఆ ఖాళీయే. నరాలు రక్తనాళాల కోసం మాత్రమే వచ్చి ఉంటే, ఒకచోట ధమనిని వదిలి కణాల మధ్యకు పోవడం, ఇంకోచోట అసలు అడుగుపెట్టకపోవడం ఎందుకు?

నిజానికి చాలాకాలం అవి రక్తనాళాలను బిగించడానికే ఉన్నాయని అనుకునేవారు. 1980లలో డేవిడ్ ఫెల్టెన్ బృందం ప్లీహంలో, ఇతర లింఫ్ అవయవాల్లో ఈ పోగులు లింఫోసైట్ల (టి, బి కణాలు ఈ కోవకు చెందినవే) పక్కనే ఉన్నాయని చూపించింది. 1987లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తే నరం కొసకూ లింఫోసైట్‌కూ మధ్య కొన్నిచోట్ల 6 నానోమీటర్ల ఎడమే ఉంది. రెండు నరకణాలు మాట్లాడుకునే చోట ఉండే ఎడం కంటే కూడా అది తక్కువ. అంతకుముందే 1975లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ చేసిన ప్రయోగం మరీ విచిత్రమైనది. ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లతోపాటు, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చారు. తర్వాత మందు లేకుండా ఆ తియ్యటి నీళ్లు మాత్రమే ఇచ్చినా యాంటీబాడీలు తగ్గాయి. రుచి గుర్తున్నది మెదడుకి, తగ్గినవి యాంటీబాడీలు. మధ్యలో ఏదో దారి ఉండాలి కదా.

ఆ దారిలో చివరి మజిలీ రిసెప్టర్లు, అంటే నోరడ్రినలిన్ లాంటి కబురును అందుకునే, కణం మీది ప్రొటీన్లు. లింఫోసైట్ల మీద బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్లు ఉంటాయి. ఆస్తమా ఇన్‌హేలర్ మందు పట్టుకునేది కూడా వీటినే, కాకపోతే ఊపిరితిత్తుల్లో. నరం వదిలిన నోరడ్రినలిన్ చుట్టుపక్కలకు వ్యాపిస్తుంది. ఏ కణం మీద రిసెప్టర్లు ఎన్ని ఉన్నాయి, ఆ కణం అప్పటికే ఉత్తేజితమై ఉందా లేదా, పక్కన ఇంకే సంకేతాలు ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. నరం ఒకటే కబురు పంపినా ఒక కణం వేగం తగ్గిస్తుంది, ఇంకొకటి పుంజుకుంటుంది.

ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ జపాన్ శాస్త్రవేత్తలు 2014లో, 2016లో ఎలుకల మీద చూపించినది. బీటా-2 రిసెప్టర్లను ఉత్తేజపరిస్తే లింఫోసైట్లు లింఫ్ గ్రంథుల నుంచి బయటకు వెళ్లకుండా అక్కడే నిలిచిపోతాయి. అప్పుడు రక్త పరీక్ష చేస్తే లింఫోసైట్లు తక్కువ కనిపిస్తాయి. అది చూసి "ఇమ్యూనిటీ పడిపోయింది" అనేస్తాం. కానీ అవి ఎక్కడికీ పోలేదు, గ్రంథిలోనే ఉన్నాయి. ఈ నరాల చురుకు రోజులో ఒక వేళ ఎక్కువగా, ఒక వేళ తక్కువగా ఉంటుంది. ఎక్కువగా ఉండే వేళలో ఎలుకలకు యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థ స్పందించే పదార్థం) ఇస్తే యాంటీబాడీ స్పందన బలంగా వచ్చింది. రక్తంలో కణాల లెక్క ఒక్కటే చూసి ఇమ్యూనిటీ గురించి తీర్పు చెప్పకండి అని నేను అందరితో పోట్లాడేది ఇందుకే.

2020లో చైనా శాస్త్రవేత్తలు చూపించినది ఇంకా ఆశ్చర్యం. ఎలుకల ప్లీహానికి వెళ్లే నరాన్ని తెంచేస్తే, టీకా వేశాక యాంటీబాడీలు తయారుచేసే కణాలు సరిగ్గా పెరగలేదు. ఎలుకను ఎత్తైన చిన్న పలక మీద నిలబెట్టి కాస్త ఒత్తిడికి గురిచేస్తే, నరం బాగున్న వాటిలో యాంటీబాడీలు పెరిగాయి. అంటే ఒక మోస్తరు, కాసేపటి టెన్షన్ ఇక్కడ సాయమే చేసింది.

మరి మీ జలుబు సంగతి? షెల్డన్ కోహెన్ బృందం 1991లో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఒత్తిడి బాగా తక్కువ ఉన్నవారిలో దాదాపు 27 శాతం మందికి, బాగా ఎక్కువ ఉన్నవారిలో దాదాపు 47 శాతం మందికి జలుబు వచ్చింది. కాబట్టి మీరు గమనించింది మీ భ్రమ కాదు. అయితే ఇది ఒక్క నరాల పని అనుకోవద్దు. వారాల తరబడి సాగే ఒత్తిడిలో కార్టిసోల్ హార్మోన్ కూడా ఉంటుంది, నిద్ర చెడిపోతుంది. 2015లో ఇలాంటి ప్రయోగమే చేస్తే, రోజుకు 6 గంటల కంటే తక్కువ నిద్రపోయేవారికి జలుబు వచ్చే అవకాశం 7 గంటలకు మించి నిద్రపోయేవారి కంటే 4 రెట్లకు పైగా ఉంది. పరీక్షల ముందు మీరు మార్చుకోగలిగింది ఏదైనా ఉంటే అది నిద్రే.

ఇక వేగస్ నరం. 2000లో కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే, వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ తగ్గిందని చూపింది. తర్వాత దారి కూడా గీశారు. ప్లీహంలోని నరం నోరడ్రినలిన్ వదులుతుంది, దాన్ని అందుకున్న ఒక రకం టి కణం ఎసిటైల్‌కోలిన్ వదులుతుంది, దాంతో మాక్రోఫేజ్ అనే ఇంకో రోగనిరోధక కణం టీఎన్ఎఫ్ తయారీ తగ్గిస్తుంది. నరాలు వాడే రసాయనాన్ని టి కణం తయారుచేయడం, 2011లో ఇది బయటపడినప్పుడు, చాలామందికి నమ్మశక్యం కాలేదు. అయితే వేగస్ నుంచి ప్లీహం నరానికి కబురు ఎలా చేరుతుందన్న దాని మీద గట్టి వాదనలు జరిగాయి. అసలు దారి వేగస్ కాదు, సింపథటిక్ వ్యవస్థలోని స్ప్లాంక్నిక్ నరాలు అని వాదించే ప్రయోగాలూ ఉన్నాయి. వీడియోల్లో ఈ సగం ఎవరూ చెప్పరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ దారి చేసేది వాపును తగ్గించడం, "ఇమ్యూనిటీ పెంచడం" కాదు. అందుకే దీన్ని పరీక్షించింది రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి జబ్బుల్లో, అంటే రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించే చోట. 2016లో వచ్చిన అధ్యయనంలో 17 మంది రోగులకు ఆపరేషన్ చేసి మెడలోని వేగస్ నరానికి పరికరం అమర్చితే టీఎన్ఎఫ్ తగ్గింది, చాలామందికి నొప్పులూ తగ్గాయి. మా మేనత్తకు ఈ కీళ్లవాతం ఉంది. వేగస్‌ను ప్రేరేపిస్తుందని చెప్పే, చెవికి తగిలించుకునే క్లిప్ కొనుక్కుని మాత్రలు ఆపేయొచ్చా అని నన్ను అడిగింది. వద్దత్తా, శరీరంలో అమర్చిన పరికరంతో వచ్చిన ఫలితం క్లిప్‌కి రాదు, మాత్రలు ఆపితే కీళ్లు అరిగిపోతాయి అని చెప్పాను. మీకూ అదే చెప్తాను. చన్నీళ్లు ముఖం మీద చల్లుకుంటే వేగస్ వల్ల గుండె వేగం కాసేపు తగ్గుతుంది, నిజమే. దాన్ని చూసి ప్లీహంలో ఏదో జరిగిందని అనుకోలేం. కొన్ని వీడియోల్లో మెడ పక్కన గట్టిగా నొక్కి రుద్దమంటున్నారు, అది మాత్రం చేయకండి, ఇంట్లో పెద్దవాళ్లను అసలు చేయనివ్వకండి. అక్కడి కెరోటిడ్ ధమనిలో కొవ్వు పేరుకుని ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.