సోలార్ ఇంటికి 9 లక్షలు ఎక్కువ పెట్టొచ్చా?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల్లో కడుతున్న ఇండిపెండెంట్ ఇల్లు కొనాలనుకుంటున్నాం. మామూలు ఇల్లు 92 లక్షలు. అదే వెంచర్‌లో 'సోలార్ గ్రీన్ హోమ్' అయితే 1.01 కోట్లు. అందులో 3 కిలోవాట్ల సోలార్, సోలార్ గీజర్, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు, రెండు పొరల అద్దాల కిటికీలు, శ్లాబ్ మీద వేడి దిగకుండా ఇన్సులేషన్ ఇస్తారట. మాకు ఎండాకాలం నాలుగు నెలలు 450 యూనిట్ల చొప్పున, మిగతా నెలల్లో 300 దాకా కాలుతుంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, అత్తయ్య పగలంతా ఇంట్లోనే ఉంటారు. ఆ 9 లక్షలు కూడా హోమ్ లోన్‌లోనే తీసుకోవాలి. కరెంటు బిల్లులో మిగిలే డబ్బుతోనే ఆ ఈఎంఐ తీరిపోతుందని బిల్డర్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: తీరదండీ. అలాగని సోలార్ వద్దని చెప్పను, మీ ఇంటికి అది బాగా పనికొస్తుంది. బిల్డర్ అడిగే ధరకు, లోన్ మీద కొనడం దగ్గరే నాకు అభ్యంతరం.

ముందు మీ బిల్లు చూద్దాం. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కి యూనిట్ 5.10 రూపాయలు, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, ఇంకా పైన 9.50 లెక్కన పడుతుంది. అంటే 450 యూనిట్లకు 3,165 రూపాయలు, 300కి 1,790. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. మన దగ్గర ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి 3 కిలోవాట్లకు నెలకు 330 నుంచి 360 యూనిట్లు వస్తాయి. నెట్ మీటరింగ్ (మీరు కరెంటు లైన్లోకి పంపిన యూనిట్లను వాడిన వాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) ఉంటే ఎండాకాలంలో మీరు కట్టాల్సింది వంద యూనిట్లకు అటూ ఇటూ మాత్రమే. వందలోపు ఉంటే అవి అన్నిటికంటే చవక స్లాబ్‌లోకి వస్తాయి. మిగతా నెలల్లో దాదాపు ఏమీ ఉండదు. వానలు, ముసురు పట్టిన రోజులు తీసేసి కాస్త తగ్గించి వేసుకున్నా ఏడాదికి 25 వేలు, అంటే నెలకు 2,000 పైచిలుకు ఆదా.

ఇప్పుడు ఈఎంఐ సంగతి. 9 లక్షలకు 8 శాతం వడ్డీతో 20 ఏళ్లంటే నెలకు సుమారు 7,500. మొత్తం 18 లక్షలు కడతారు. 2,000 ఆదా కోసం 7,500 కట్టే లెక్క ఇది. గీజర్, ఫ్యాన్ల ఆదా కూడా కలపాలి కదా అని బిల్డర్ అడగొచ్చు. 300 యూనిట్ల నెలల్లో సోలారే బిల్లును సున్నా చేసేస్తోంది. ఇక ఫ్యాన్లు మిగిల్చే యూనిట్లు గ్రిడ్‌కి, అంటే కరెంటు లైన్లోకి వెళ్తాయి, ఏడాదిలో ఎక్కువైన వాటికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చేది తక్కువ రేటే. ఒకే ఆదాను రెండుసార్లు లెక్క వేయకూడదు.

మీరే పెట్టించుకుంటే 3 కిలోవాట్ల సిస్టమ్ 2 లక్షలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది. అది పోను మీ చేతి నుంచి పడేది సుమారు 1.2 లక్షలు, ఐదేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. ప్యానెళ్లకు పనితీరు వారంటీ సాధారణంగా 25 ఏళ్లు ఉంటుంది. మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, దానికి ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోండి.

చాలామంది గమనించని ఖర్చు ఇంకోటి ఉంది. సోలార్‌ను ఇంటి ధరలో కలిపేస్తే ఆ 9 లక్షల మీద కూడా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 67,500 కట్టాలి. ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి 5 శాతం జీఎస్టీ, మరో 45,000. రెండూ కలిపితే 1,12,500. దాదాపు ఆ డబ్బుతోనే సబ్సిడీ పోను ఒక సోలార్ సిస్టమ్ మీ మేడ మీదికి వస్తుంది!

అందుకే నా సలహా: తర్వాత పెట్టుకోగలిగిన వాటికి బిల్డర్‌కు డబ్బు ఇవ్వకండి, తర్వాత మార్చలేని వాటికి మాత్రం వెనకాడకండి. ప్యానెళ్లు, గీజర్, ఫ్యాన్లు మొదటి రకం. శ్లాబ్ ఇన్సులేషన్, పడమటి గోడ, కిటికీల మీద సజ్జాలు, ప్యానెళ్ల కోసం మేడ నుంచి మీటరు దాకా వైరు పైపు, ఇవి రెండో రకం. మీ అత్తయ్యగారు పగలంతా ఇంట్లో ఉంటారన్నారు. ఏప్రిల్, మే నెలల్లో శ్లాబ్ వేడి దిగుతుంటే పై అంతస్తులో ఆవిడ పడే బాధకు బిల్లులో లెక్క ఉండదు. ఏసీ మధ్యాహ్నం నుంచే వేసుకోవాల్సి వస్తుంది. కాబట్టి మామూలు ఇంటికే శ్లాబ్ ఇన్సులేషన్, సజ్జాలు విడిగా కొటేషన్ అడగండి. దానికి ఒకటి రెండు లక్షలు ఎక్కువైనా నేను సరే అంటాను. రెండు పొరల అద్దాలు మాత్రం అవసరం లేదు. మన ఎండకు అద్దం మీద నీడ పడటం ముఖ్యం.

బిల్డర్ సోలార్ ఇల్లే తీసుకోమని పట్టుబడితే, ఏ వస్తువుకు ఎంతో విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవేనా, అంటే డీసీఆర్ రకమా అని కనుక్కోండి. కాకపోతే సబ్సిడీ రాదు. మీటరు ఎవరి పేరున ఉందో కూడా చూడండి, సబ్సిడీ జమయ్యేది కనెక్షన్ ఉన్నవాళ్ల ఖాతాలోకే.

మీ దక్షిణం వైపు ప్లాట్ ఖాళీగా ఉందా? రేపు అక్కడ మూడంతస్తులు లేస్తే మీ ప్యానెళ్ల మీద నీడ పడుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. మీరే పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నా ఇప్పుడే చెప్పండి, స్ట్రక్చర్ విప్పి మళ్లీ బిగించడం ఖర్చుతో కూడిన పని. ఇంకో మాట, మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ ఉన్నా కరెంటు పోతే ఇంట్లో కరెంటు ఉండదు. లైన్ మీద పనిచేసే మనుషుల భద్రత కోసం అది దానంతట అదే ఆగిపోతుంది. పవర్ కట్లకు బ్యాటరీ వేరే పెట్టుకోవాల్సిందే.

ఈ జవాబు చదివే మిగతావాళ్లలో రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు వస్తున్నవాళ్లు సోలార్‌కు తొందరపడక్కర్లేదు.

మీరైతే 92 లక్షల ఇల్లే తీసుకోండి. ఇంట్లో దిగాక ఒక ఎండాకాలం గడవనివ్వండి, కొత్త ఇంట్లో నిజంగా ఎన్ని యూనిట్లు కాలుతుందో తెలుస్తుంది. ఈలోగా ఆ తప్పిన 7,500 ఈఎంఐని నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదిన్నర తిరిగేసరికి 1.35 లక్షలు అసలే ఉంటుంది. సబ్సిడీ సిస్టమ్ పెట్టించాకే ఖాతాలో పడుతుంది కాబట్టి ముందు మొత్తం మీరే సర్దాలి. తక్కువపడే డబ్బుకు పీఎం సూర్యఘర్ పోర్టల్ ద్వారా బ్యాంకులిచ్చే సోలార్ లోన్ తీసుకుని, సబ్సిడీ రాగానే దానికి జమ చేసేయండి. మీటరు మీ పేరుకు మార్పించుకోవడం మాత్రం రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే మొదలుపెట్టండి.